డార్క్ చాక్లెట్ గారికి పుట్టింటివాళ్లు రాయునది

గౌరవనీయులైన డార్క్ చాక్లెట్ గారికి, కోనసీమ కొబ్బరితోట నుంచి నమస్కారాలు.

పెద్దవారైపోయారు, మమ్మల్ని గుర్తుపడతారో లేదో! కొబ్బరిచెట్ల నీడలో కోకో కాయలుగా వేలాడిన రోజుల్లో మీ మీద ఉడతలకీ ఎలకలకీ తప్ప ఎవరికీ మోజు లేదు. కాయ పగలగొడితే పిల్లలు తెల్లటి గుజ్జు చప్పరించి గింజ ఉమ్మేసేవాళ్లు. ఆ గింజల్నే కుప్పపోసి, గోనెసంచులు కప్పి, మధ్యమధ్యలో తిరగేస్తూ ఐదారు రోజులు పులియబెట్టి ఎండబోస్తాం. ఆ పుల్లటి ఘాటుకి చుట్టాలు కాఫీ కూడా వద్దని లేచిపోతారు. అలా గడప దాటిన మీరు, తళతళలాడే కాగితం చుట్టుకుని గుండె డాక్టరు హోదాలో తిరిగొచ్చారు.

మా బావగారికి బీపీ. ఆత్రేయపురం పూతరేకు పెడితే ‘అమ్మో, షుగరొస్తుంది’ అని మొహం తిప్పుకుంటారు. భోజనమయ్యాక ఫ్రిజ్ తీసి మిమ్మల్ని మాత్రం సగం పలక విరుచుకుంటారు. ‘‘ఇది స్వీటు కాదమ్మాయ్, యాంటీఆక్సిడెంట్లు!’’ చేదుగా ఉన్నదల్లా మందేనని మనవాళ్లకి ఓ నమ్మకం, దాన్ని మీరు బాగా వాడుకున్నారు. అట్ట మీద 70 శాతం అని పెద్దక్షరాల్లో వేసుకున్నారు సరే, మిగతా 30లో ఎక్కువభాగం పంచదారే కదండీ? వంద గ్రాములు తింటే 600 కేలరీల దాకా!

మీలో మంచి లేదని అనం. గింజలో ఫ్లేవనాల్స్ అనే పదార్థాలుంటాయి, వాటి పుణ్యాన రక్తనాళాలు కాస్త సడలుతాయి. 2017లో, వైద్య పరిశోధనల్ని కూడగట్టి తూచే కోక్రేన్ సంస్థవాళ్లు 35 ప్రయోగాలు కలిపి చూస్తే బీపీ తగ్గిన మాట నిజమే, సగటున 2 పాయింట్ల లోపు. కోకో రేటు పడిందని ఫోనొస్తే బావగారికి అంతకు పదింతలు ఎక్కుతుంది. (2024లో కిలో వెయ్యి దాకా వెళ్లిన గింజ మరుసటి ఏడు సగానికి పడింది.)

అసలు తమాషా ఏంటంటే, ఆ ఫ్లేవనాల్స్‌లో చాలావరకు మా కుప్పలోనే, పులిసేటప్పుడే పోతాయి. వేయించినప్పుడు ఇంకొన్ని. చేదు తగ్గాలని క్షారం కలిపితే మిగిలినవాటిలోనూ చాలా భాగం. మందు మా దగ్గర దించేసుకుని, సర్టిఫికెట్టు మాత్రం మీరు పట్టుకెళ్లారన్నమాట.

అమెరికాలో 21,442 మంది పెద్దవయసువాళ్లతో కాస్మోస్ అని భారీ ప్రయోగం చేశారు. 2022లో ఫలితాలొచ్చాయి. అందులో సగంమందికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఇచ్చింది గొట్టం బిళ్లల్లో. మిమ్మల్ని ఎవరూ పిలవనే లేదు. అయినా గుండెపోట్లు, పక్షవాతాలు వగైరా కలిపి లెక్కేస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల తేలలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. అది ప్రయోగంలో పక్క లెక్క, అసలు తేల్చాలనుకున్నది కాదు; మీ ఊరేగింపులో అదే ఉత్సవ విగ్రహం! అదే ఏడాది చివర్లో అక్కడ సరుకులు పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థవాళ్లు 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నిట్లోనూ సీసం, కాడ్మియం అనే హానికర లోహాలు కనిపించాయి. ఆ ముక్క మీ బయోడేటాలో ఎక్కడా లేదేం?

మా విన్నపం ఒకటే. బావగారు బీపీ బిళ్ల మానేసి మిమ్మల్నే నమ్ముకుంటానంటున్నారు. మా మాట ఎలాగూ వినరు. ‘బాబూ, నేను మిఠాయినే’ అని మీ నోటితో మీరే చెప్పండి.

ఇట్లు,
మీ పుట్టింటివాళ్లు

తా.క. మీలోని థియోబ్రోమిన్ కుక్కలకి విషమట, మన కుక్కకి పెట్టకండని బావగారికి చెప్పాం. ‘‘అంత పవరున్న మందా!’’ అని ఇంకో ముక్క విరుచుకున్నారు.