మొదటి పిస్తోలు కొనబోయే పెద్దమనిషికి

మన జిల్లాల్లో ఒక మనిషికి ప్రాణహాని ఎప్పుడు మొదలవుతుందన్నది పోలీసు శాఖ ఇంతవరకు శ్రద్ధగా పరిశీలించని విషయం. రెండెకరాల రైతుకు సాధారణంగా ప్రాణహాని ఉండదు. ఆ రెండెకరాలు వెంచరుగా మారి, ప్లాట్లు అమ్ముడుపోయి, ఇంటి ముందుకు తెల్లని పెద్ద కారు వచ్చి, దాని అద్దం మీద పార్టీ స్టిక్కరు పడి, ఇంత జరిగినా పెళ్ళిళ్ళలో ముందు వరుస సోఫాలోంచి తన కోసం ఎవరూ లేవడం లేదని గ్రహించిన సాయంత్రం ఆ పెద్దమనిషికి అజ్ఞాత శత్రువులు పుట్టుకొస్తారు. అతడు ముందుగా ప్రభుత్వాన్ని గన్‌మెన్ అడుగుతాడు. టూ ప్లస్ టూ అడిగితే వన్ ప్లస్ వన్ అయినా ఇవ్వకపోతారా అన్నది అతని లెక్క. అదీ రానప్పుడు, మెన్ లేని గన్ ఒక్కటే మిగులుతుంది. అటువంటి వారి క్షేమాన్ని కోరి, తొలిసారి కొనేవారికి ఏ చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్తోలు (అంటే, ఒక తూటా పేలగానే తర్వాతిదాన్ని తానే ఎక్కించుకునేది) నమ్మదగినదో వివరించవలసిన బాధ్యత ఎవరో ఒకరు తీసుకోక తప్పదు.

ఈ విషయంలో డాలస్‌లో ఉండే మనవాళ్ళ కష్టాలు పగవాడికి కూడా వద్దు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టపరమైన అడ్డంకులు లేని 21 ఏళ్ళు నిండినవారు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు కాబట్టి, ఎంపిక భారమంతా కొనేవాడి నెత్తినే పడుతుంది. తూటా సైజుల్లో పాయింట్ 22 మేలా, పాయింట్ 380 మేలా, 9 ఎంఎం మేలా అని తలకొక సలహా. హెచ్1బి మీద ఉన్నవారి సంగతి ఇంకా విచిత్రం. అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా వారిని తుపాకీ కొననివ్వదు గాని, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. కోడికూర కూడా డ్రెస్ చేసిందే తెచ్చుకునే గుంటూరు ఇంజినీరు, ఆత్మరక్షణ కోసం మొదట వేటగాడుగా నమోదు కావలసి వస్తోంది.

మన దేశంలో ప్రభుత్వం పౌరుడికి ఆ ఎంపిక బెడద లేకుండా చేసింది. 9 ఎంఎం నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరుడికి ఇవ్వని సైజు, కాబట్టి అది పోలీసులకు, సైన్యానికి, వాళ్ళ దగ్గర కొట్టేసినవాళ్ళకు వదిలేయాలి. సామాన్య లైసెన్సు మీద సెమీ ఆటోమేటిక్ కావాలంటే ఆచరణలో చేతికి వచ్చేది పాయింట్ 32. ఈ తూటాకు జాన్ బ్రౌనింగ్ రూపమిచ్చింది 19వ శతాబ్దం చివరి ఏళ్ళలో. అంటే, డ్రోనుతో పొలాల హద్దులు కొలిపించుకునే మన పెద్దమనిషి, తన శత్రువును మాత్రం రష్యా జపాన్ యుద్ధానికి ముందు పుట్టిన తూటాతో ఎదుర్కొంటాడన్న మాట. విదేశీ పిస్తోళ్ళను మామూలు పౌరులు దిగుమతి చేసుకునే వీలు దశాబ్దాల క్రితమే మూసుకుపోయింది కనుక, తాతల నాటి బ్రిటిష్ సరుకు చేతులు మారుతూ లక్షలు పలుకుతోంది. కొత్తది కావాలంటే సర్కారు కర్మాగారం తయారుచేసే ‘అశని’ ఉంది. తక్కువలో తక్కువ పోలికలు, తక్కువలో తక్కువ తలనొప్పి.

తూటాలు తిరిగే చక్రంలో కూర్చునే రివాల్వరు సంగతి ఎందుకు ఆలోచించకూడదని కొందరు అమాయకంగా అడుగుతారు. 2014లో కాన్పూరు కర్మాగారం మహిళల కోసమని ‘నిర్భీక్’ అనే పాయింట్ 32 రివాల్వరును విడుదల చేసి, లక్షా ఇరవై వేల పైచిలుకు ధర పెట్టి, దాన్ని నగల పెట్టె లాంటి మెరూన్ పెట్టెలో పెట్టి మరీ ఇచ్చింది. ఆత్మరక్షణను అక్షయ తృతీయ కొనుగోళ్ళలో కలిపిన ఆ దూరదృష్టికి జోహార్లు. రివాల్వరులో ఒక తూటా పేలకపోతే ట్రిగ్గరు మళ్ళీ నొక్కితే చాలు, తర్వాతి తూటా ముందుకు వస్తుంది. కొత్తవారికి ఇంతకంటే సులువైనది లేదని తెలిసినవారు చెబుతారు. కాని వారు ఒక ముఖ్యమైన అంశాన్ని విస్మరిస్తున్నారు. రివాల్వరుకు స్లయిడు, అంటే పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ జరిగే ఇనుప భాగం, లేదు. స్లయిడు లేకపోతే దాన్ని వెనక్కి లాగి వదిలినప్పుడు వచ్చే ఆ చప్పుడు లేదు. సెటిల్‌మెంటు జరిగే గదిలో, టీ గ్లాసుల మధ్య, ఎవరినీ బెదిరించకుండా, ‘ఊరికే చూస్తున్నాను’ అన్నట్టుగా వినిపించే ఆ చప్పుడు కోసమే కదా లక్ష రూపాయలు పోస్తున్నది.

ఇక నమ్మకం. పాయింట్ 22 తూటాను చవక అనీ, చేతికి వెనక్కి తన్నే దెబ్బ తక్కువ అనీ కొత్తవారికి సిఫారసు చేయడం లోకరివాజు. ఆ తూటాలో మందును రగిలించే రసాయనం అడుగున మధ్యలో కాకుండా అంచు చుట్టూ ఉంటుంది. తయారీలో అది సమంగా పరుచుకోని చోట ఫైరింగ్ పిన్ను తగిలిందా, ‘టిక్’ అని చిన్న శబ్దం వస్తుంది, అంతటితో సరి. సీసపు తూటా మీది మైనం, మసి కలిసి స్లయిడు సందుల్లో పేరుకుని దాని నడకను మందగింపజేస్తాయి. పాయింట్ 32లో రసాయనం మధ్యలోనే ఉన్నా, దాని అడుగు అంచు కొద్దిగా బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. తూటాలు పేర్చే డబ్బా అయిన మేగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకాల పడితే రెండూ పెనవేసుకుని కదలవు. వీటన్నిటికీ మించి, స్లయిడు పూర్తిగా వెనక్కి వెళ్ళి రావాలంటే పట్టుకున్న మణికట్టు బిగువుగా ఉండాలి. చెయ్యి సడలితే ఖాళీ షెల్లు బయటపడక అక్కడే ఇరుక్కుంటుంది. అర్ధరాత్రి గోడ దూకిన దొంగను చూసినప్పుడు కొత్తవాడి మణికట్టు ఎంత బిగువుగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

యంత్రాన్ని నమ్మడంలోని సాధకబాధకాలు తెలియాలంటే ఆటగాళ్ళను చూడాలి. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ ఎయిర్ పిస్తోలు మొరాయించి, దాన్ని బాగుచేయించుకునేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. రోజూ తుడిచి, పరీక్షించి, పక్కన కోచ్ ఉండి వాడే ఆయుధం పరిస్థితి అది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు టీము స్వర్ణం సాధించిన జట్టులో ఉంది. ఆ పోటీలో వాడేది పాయింట్ 22. ఆ గురి కోసం ఆ పిల్లలు రేంజిలో ఏళ్ళకు ఏళ్ళు ఖర్చుపెడతారు. మన పెద్దమనిషి కొన్న నాడు ఫామ్‌హౌసు వెనక ఒక కొబ్బరిబోండాం మీద రెండు తూటాలు ఖర్చుపెట్టి, బోండాం క్షేమంగా ఉండటం చూసి, గాలి ఎక్కువగా ఉందని తేల్చి, మిగతావి ఆపద కోసం దాచుకుంటాడు. ఆయుధ నియమాలు 2016 ప్రకారం దరఖాస్తుదారుడు ఆయుధ భద్రత, వాడకం మీద శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం చూపాలి. ఆ కాగితం అతడి ఫైలులో భద్రంగా ఉంటుంది.

ఆ శిక్షణలో చెప్పే ఒక్క ముక్క మీద మాత్రం కొంచెం ఆగాలి. మేగజైన్ కిందికి లాగేసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ అయిపోదు. అప్పటికే స్లయిడు లాగి ఉంటే ఒక తూటా గొట్టం వెనుక గదిలో కూర్చుని ఉంటుంది, చాలా పిస్తోళ్ళు మేగజైన్ లేకపోయినా దాన్ని కాలుస్తాయి. బావమరిది ‘ఏదీ చూడనీ బావా’ అన్నప్పుడు, బావ మేగజైన్ తీసి బల్ల మీద పెట్టి, ‘ఇప్పుడేం కాదు’ అంటూ అందించే ఆ క్షణం ఈ దేశపు చిన్న ఆయుధాల చరిత్రలో అత్యంత ప్రమాదకరమైనది. మర్నాడు పేపరులో ‘శుభ్రం చేస్తుండగా పేలిన తుపాకీ’ అన్న శీర్షిక కింద నాలుగు లైన్లు వస్తాయి. తుపాకీకి శుభ్రత అంటే ఇంత కోపం ఎందుకో ఎవరూ పరిశోధించలేదు.

లైసెన్సు దగ్గర పెద్దగా చెప్పవలసింది లేదు. ఇచ్చేది జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరు. మధ్యలో స్టేషను విచారణ. దరఖాస్తుదారుడికి చాలినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 1959 నాటి ఆయుధ చట్టంలోని 14వ సెక్షను చెబుతోంది. పేదవాడి పిస్తోలు హక్కును ఇంత ఆర్ద్రంగా తలచుకున్న శాసనకర్తలు, ఆ పిస్తోలు ధర ఎవరు భరించాలో చెప్పడం మరిచారు. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది, ఉంచుకోదగిన ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ప్రాణహాని రుజువు చేయలేక తమ మీద తామే దాడి చేయించుకుని వార్తలకెక్కినవారు దేశంలో ఉన్నారు గాని, కొత్తవారికి అంత ఖర్చు సిఫారసు చేయలేను.

ధరించే చోటు గురించి రెండు అభిప్రాయాలు లేవు. నడుముకు కుడివైపు, లాల్చీ లోపల. వంగి పెళ్ళికొడుకు చేతిలో కవరు పెట్టినప్పుడు లాల్చీ అంచు సరిగ్గా నాలుగు వేళ్ళు లేవాలి. ఎక్కువ లేస్తే అసభ్యం, లేవకపోతే కొన్నది దండగ. మే నెల బెజవాడ ఉక్కపోతలో చెమట దాని ఇనుముకు తగిలి, లాల్చీ నూలు పోగులు స్లయిడులో చేరి, ఏడాది తిరిగేసరికి అది తుప్పు పట్టినా పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. బరాత్‌లో ఆకాశం మీద కాల్చాలన్న కోరికను మాత్రం అణుచుకోవాలి. అదే 2019 సవరణ, ఇతరులకు ప్రమాదం కలిగేలా సంబరాల్లో కాల్పులు జరిపేవారికి రెండేళ్ళ దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో రాసిపెట్టింది. లక్ష అంటే ఇంకో పిస్తోలు.

చివరగా ఎన్నికలు. షెడ్యూలు వెలువడగానే లైసెన్సుదారులు ఆయుధాలను స్టేషనులో అప్పగించాలని పోలీసులు కోరతారు. శత్రువులు నిజంగానే రోడ్డు మీదికి వచ్చే ఆ ఒక్క నెలలో, ఆత్మరక్షణ ఆయుధం పెద్దమనిషి పేరు రాసిన చీటీతో స్టేషను బీరువాలో విశ్రాంతి తీసుకుంటుంది. దానికి ఇచ్చే రసీదును ప్లాస్టిక్ కవరులో వేసి, పాసు పుస్తకాలున్న చోట దాచుకోవాలి. ఫలితాలు వచ్చాక దాన్ని పట్టుకుని తిరిగి స్టేషనుకు వెళ్తే పిస్తోలు తప్పకుండా ఇస్తారు; కూర్చోమని కుర్చీ వేస్తారా, బయట వేపచెట్టు కింద నిలబెడతారా అన్నది మాత్రం ఎవరు గెలిచారన్న దాన్ని బట్టి ఉంటుంది.