గుడారం కింద వెండి, మందిరంలో దేవదారు

బంగారం అంటే దైవత్వం, వెండి అంటే విమోచన, ఇత్తడి అంటే తీర్పు. ప్రాచీన ఇశ్రాయేలీయులు ఎడారి ప్రయాణంలో దేవుని కోసం వేసుకున్న ప్రత్యక్ష గుడారం గురించి ఏ ప్రసంగం విన్నా, ఏ చార్టు చూసినా దాదాపు ఇదే పట్టిక. గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ దీనికి ఆ గుడారాన్ని వర్ణించే బైబిలు పుస్తకం నిర్గమకాండంలోనే చిక్కొచ్చి పడుతుంది. జనం చెవిపోగులు తీసిచ్చిన బంగారంతోనే మోషే అన్న అహరోను పూజకు దూడను పోత పోశాడు. మరి కొన్ని అధ్యాయాలు తిప్పితే, అదే జనం తెచ్చిన పోగులు, ఉంగరాలు గుడారానికి చేరాయి. లోహానికి పుట్టుకతో వచ్చిన అర్థమంటూ ఏమీ లేదు. ఎవరిచ్చారు, ఎలా ఇచ్చారు, ఎక్కడ పెట్టారు అన్నదే ముఖ్యం.

ఎక్కడ అన్నది తేలికే. బయటి ఆవరణలో బలిపీఠానికి ఇత్తడి రేకు, లోపల బల్లకూ ధూపవేదికకూ బంగారు రేకు. రేకు కింద మాత్రం అన్నిటికీ తుమ్మకర్రే, ఆఖరికి అన్నిటికన్నా పవిత్రమైన పెట్టె, మందసానికి కూడా.

ఆగి చూడాల్సింది వెండి దగ్గర. జనాభా లెక్కలో తేలిన 6,03,550 మంది పురుషులు తలా అర తులం ఇవ్వాలి. ఉన్నవాడు ఎక్కువ ఇవ్వకూడదు, లేనివాడు తక్కువ ఇవ్వకూడదు. అలా పోగైన దాంట్లో 100 తలాంతులతో (తలాంతు పెద్ద తూకం) 100 దిమ్మలు పోశారు. 96 దిమ్మలు గోడ పలకల కిందికి, మిగతా నాలుగు అడ్డతెర స్తంభాల కిందికి వెళ్లాయి. అంటే బంగారు తొడుగు వేసిన ఆ గోడలు నిలబడ్డది అందరూ సమానంగా ఇచ్చిన వెండి మీద. ఇత్తడి గంగాళమైతే గుడారం గుమ్మం దగ్గర సేవచేసే స్త్రీల అద్దాలతో చేసింది. ఈ వర్ణన యాజకులు చాలా కాలం తర్వాత రాసుకున్నదని ఎంతోమంది పండితుల అభిప్రాయం. అదే నిజమైనా, పవిత్ర స్థలం ఎవరి సొమ్ముతో లేవాలని వాళ్లు కోరుకున్నారో ఇందులో తెలుస్తూనే ఉంది.

రాతితో బలిపీఠం కడితే ఆ రాళ్లకు పనిముట్టు తగలకూడదని నిర్గమకాండంలోనే ఇంకో నియమం. తవ్వకాల్లో ప్రాచీన యూదా దేశపు ఊరు అరాదులో బయటపడ్డ పీఠం చెక్కని రాళ్లదే. 1973లో అదే దేశపు బెయేర్షెబాలో దొరికినదేమో నాలుగు మూలలా కొమ్ములతో, శుభ్రంగా చెక్కిన రాళ్లది. నియమం ఒకటి, ఊరి ఆనవాయితీ ఇంకొకటి!

తర్వాతి కాలంలో యెరూషలేములో మందిరం కట్టిన రాజు సొలొమోను దగ్గరికొచ్చేసరికి కథ మారింది. మందిరం కడుతుంటే సుత్తి చప్పుడే వినిపించలేదని గొప్పగా రాశారు. రాళ్లను ముందే చెక్కి తెచ్చారు మరి, చప్పుడంతా గనిలోనే అయిపోయింది. లోపల రాయి కనబడకుండా దేవదారు పలకలు, వాటి మీద బంగారం. ఆ దేవదారు లెబానోనుది. దానికి బదులుగా తూరు రాజు హీరాముకు ఏటా 20,000 కొర్ల (కొరు పెద్ద ధాన్యపు కొలత) గోధుమలు వెళ్లాయి. 30,000 మందిని వెట్టికి పట్టి, నెలకు 10,000 మంది చొప్పున లెబానోనుకు పంపారు. హీరాము పంపిన కలపకు, బంగారానికి గలిలయలో 20 ఊళ్లు రాసిస్తే, వాటిని చూసొచ్చిన ఆయన పెదవి విరిచాడు.

దేవదారు పుచ్చిపోదు కాబట్టి శాశ్వతత్వానికి గుర్తు అంటారు వ్యాఖ్యాతలు. కావచ్చు. నాకైతే అందులో రాజు పలుకుబడే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పలకల వెనక ఎంత బరువుందో మోసినవాళ్లకు తెలుసు. సొలొమోను పోగానే మా కాడి తేలిక చెయ్యమని జనం ఆయన కొడుకు రెహబామును అడిగారు. ఆయన ఇంకా బరువు చేస్తానన్నాడు. పైగా వెట్టిపనుల అధికారి అదోనీరామునే వాళ్ల దగ్గరికి పంపాడు. జనం అతణ్ణి రాళ్లతో కొట్టి చంపారు.