వాలు అక్షరాన్ని గీయాలి, వంచితే చాలదు

బోల్డ్ ఇటాలిక్ శాన్స్‌సెరిఫ్ అక్షరాలు ఆటగాళ్ల జెర్సీల మీద, రేసు కార్ల మీద, తగ్గింపు ధరల పోస్టర్ల మీద తరచూ కనిపిస్తాయి. కొసల్లో అలంకారపు గీతలు లేని ఈ మందపాటి అక్షరాలు కుడివైపు వాలగానే పరుగు అందుకున్నట్టు ఉంటాయి. ఆ ప్రభావం అంత సులువుగా దక్కుతోంది కాబట్టే దాని వెనక ఉండాల్సిన పనితనాన్ని చాలామంది ఎగ్గొడుతున్నారు. నిటారు బోల్డ్‌ను కంప్యూటర్‌లో ఓ పన్నెండు డిగ్రీలు పక్కకు లాగి, దానికే ఇటాలిక్ అని పేరు పెట్టేస్తున్నారు.

నిజానికి ఇటాలిక్ వేగం కోసం పుట్టలేదు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన తొలి ఇటాలిక్‌కు ఆనాటి పండితుల చేతిరాత ఆధారం. 1501లో ఆ అక్షరాలతో అచ్చయిన లాటిన్ కవి వర్జిల్ కావ్యాల్లో చిన్న అక్షరాలు మాత్రమే వాలి ఉంటాయి, పెద్దవి నిటారుగానే నిలబడతాయి. శాన్స్‌సెరిఫ్ అచ్చు అక్షరం మూడు శతాబ్దాల తరువాత, 1816లో, లండన్ అచ్చు అక్షరాల తయారీదారు నాలుగో విలియం కాస్లన్ నమూనా పుస్తకంలో కనిపించింది. చేతిరాతతో అంత దగ్గరి చుట్టరికం లేని ఈ కుటుంబంలో ఇటాలిక్ అంటే చాలావరకు ఆబ్లిక్, అంటే అదే ఆకారం పక్కకు వాలడం. 1928 నాటి గిల్ శాన్స్ లాంటి ఫాంట్లు చేతిరాత పోకడను నిలుపుకున్న మినహాయింపులు.

ఆకారం అదే కదా, వంచితే సరిపోదా అని అడగవచ్చు. ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరాన్ని పెద్దగా చేసి పరిశీలిస్తే జవాబు దొరుకుతుంది. నిటారుగా ఉన్నప్పుడు చుట్టూ సమంగా ఉన్న గీత, వంచగానే కుడివైపు పైమూలలో, ఎడమవైపు కిందిమూలలో లావెక్కి, మిగతా రెండు మూలల్లో సన్నబడుతుంది. ‘ఏ’ పెద్ద అక్షరంలోనైతే ఎడమ కాలు మరింత వాలి పలచబడుతుంది, కుడి కాలు నిటారుకు దగ్గరై బరువెక్కుతుంది. సన్నటి అక్షరంలో కంటికి ఆనని ఈ తేడా బోల్డ్‌లో, అదీ అరచేయంత శీర్షికలో, దాక్కోలేదు. అందుకే మంచి డిజైనర్ వంచిన తరువాత ప్రతి వంపునూ తిరిగి దిద్దుతాడు, అక్షరం లోపలి ఖాళీ మూసుకుపోకుండా చూస్తాడు, అక్షరాల మధ్య ఎడాన్ని మళ్లీ సరిచూస్తాడు. నా దృష్టిలో డిస్‌ప్లే ఇటాలిక్, అంటే శీర్షికల్లో పెద్దగా వాడే ఇటాలిక్, విలువంతా ఈ దిద్దుబాటులోనే ఉంది.

ఎంత వాల్చాలన్నదీ ఆలోచించి తేల్చాల్సిన విషయమే. 1957లో వచ్చిన యూనివర్స్ అనే ఫాంట్‌లో దాని డిజైనర్ అడ్రియన్ ఫ్రూటిగర్ వాలును దాదాపు 16 డిగ్రీల దాకా తీసుకెళ్లారు. పక్కనున్న నిటారు అక్షరాలతో తేడా స్పష్టంగా తెలియాలంటే అంత వాలు అవసరమే.

ఈ వాలుకు వేగం ఒక్కటే అర్థం కాదు. అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ నలుపు తెలుపు ఫొటోల మీద ఎర్ర పట్టీలు వేసి, వాటిలో ఫ్యూచురా అనే ఫాంట్ బోల్డ్ ఆబ్లిక్‌ను తెల్లగా నిలిపారు. అక్కడ అక్షరం పరుగెత్తదు, చూసేవారి ముందుకు వంగి నిలదీస్తుంది. అయితే ఆ గొంతు కొద్ది మాటలకే సరిపోతుంది. పేరా మొత్తాన్ని బోల్డ్ ఇటాలిక్‌లో పెడితే నొక్కి చెప్పడానికి ఇంకేమీ మిగలదు, పైగా కళ్లు అలసిపోతాయి.

వెబ్‌లో మరో చిక్కు ఉంది. ఇటాలిక్ ఫైలును జతచేయకుండా ఇటాలిక్ కావాలని ఆదేశిస్తే, బ్రౌజరే నిటారు అక్షరాన్ని వంచి చూపిస్తుంది. ఫాంట్ కుటుంబంలో డిజైనర్ శ్రద్ధగా గీసిన ఇటాలిక్ ఉన్నా పాఠకుడి తెర మీదికి వచ్చేది ఆ వంకర నకలే. ఫైలును జతచేయాలి, లేదంటే పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో ఫాంట్ సింథసిస్‌ను, అంటే బ్రౌజర్ ఇలా నకలు తయారుచేయడాన్ని, ఆపేసి శీర్షికను నిటారుగానే ఉంచాలి.