ఐదో గంటలో కరెంటు పోతే నీ రికార్డింగ్ ఏమవుతుంది?

"గేమ్ రికార్డ్ చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, పది మంది పది పేర్లు చెప్పేస్తారు. "ఇంతకీ ఎంతసేపు రికార్డ్ చేస్తావు?" అని ఒక్కరూ అడగరు. ఎంత దూరం నడవాలో తెలుసుకోకుండా చెప్పులు అంటగట్టినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. పది నిమిషాల క్లిప్‌కి ఏదైనా పనికొస్తుంది. కళ్లు మూసుకుని ఏదో ఒకటి వేసుకోండి, నేనేమీ అనను. ఐదు గంటలు కూర్చుని ఆడేవాళ్లకి మాత్రం లెక్క పూర్తిగా వేరు, ఆ లెక్క నాకు చాలా కష్టంగా అర్థమైంది కాబట్టి ఇంత పెద్ద పోస్టు రాస్తున్నా.

కొన్నాళ్ల క్రితం నేనూ నలుగురు ఫ్రెండ్సూ కలిసి ఆడుతున్న గేమ్‌లో చివరి బాస్, అంటే ఆఖర్న ఓడించాల్సిన పెద్ద శత్రువు. మూడు వారాలుగా ఓడిపోతూనే ఉన్నాం. ఆ రోజు పట్టు వదలకుండా దాదాపు ఐదు గంటలు కూర్చున్నాం, పదిహేడో ప్రయత్నమో పద్దెనిమిదో ప్రయత్నమో, చివరికి పడింది. హెడ్‌ఫోన్స్ పగిలిపోయేలా అరుపులు. "ఒరేయ్, రికార్డ్ అవుతోందా?" అని ఒకడు అడిగాడు, "అవుతోంది రా, టెన్షన్ పడకు" అని నేను అన్నాను, ఆ మాట అన్న రెండు నిమిషాలకే కరెంటు పోయింది. కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి చూస్తే ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంది, సైజు 36 జీబీ, హమ్మయ్య అనుకున్నా. డబుల్ క్లిక్ చేశా. ప్లేయర్ తెరుచుకుంది, నిడివి సున్నా అని చూపించి ఊరుకుంది. ఇంకో ప్లేయర్, ఇంకోటి, అన్నింట్లోనూ అదే సున్నా. డేటా అంతా అక్కడే ఉంది, ఒక్క సెకను బొమ్మ రాదు.

ఎందుకో తర్వాత తెలిసింది. మామూలు ఎంపీ4 ఫైల్‌లో ఏ ఫ్రేమ్ ఎక్కడుంది, ఏ శబ్దం ఎక్కడుంది అని చెప్పే ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికని మనం స్టాప్ నొక్కాకే ఫైల్‌లో రాస్తారు. నొక్కేలోపు కరెంటు పోయినా, ప్రోగ్రామ్ క్రాష్ అయినా, విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అయినా పట్టిక ఉండదు, పట్టిక లేకపోతే ఆ 36 జీబీ ఉత్త చెత్త. ఇలాంటి ఫైళ్లని బాగుచేసే టూల్స్ ఉన్నాయి. అదే సెట్టింగ్స్‌తో తీసిన ఇంకో మంచి ఫైల్ ఇస్తే దాన్ని చూసి పట్టికని ఊహించి కడతాయి. నేనూ ఒక రాత్రంతా ప్రయత్నించా. నలభై నిమిషాల వీడియో దక్కింది, అది కూడా పోను పోను పెదాలకీ మాటకీ సంబంధం లేకుండా. బాస్ పడిన భాగం రాలేదు. ఆ రికార్డర్ పేరు చెప్పను, ఎందుకంటే ఆ ఒక్కటే కాదు, చాలావాటిది ఇదే తీరు.

నా కోపం ఆ సాఫ్ట్‌వేర్ మీద కంటే "టాప్ టెన్ రికార్డర్లు" అని వీడియోలు చేసేవాళ్ల మీద ఎక్కువ. పది నిమిషాలు రికార్డ్ చేస్తారు, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేమ్‌ల లెక్క) ఎంత పడిపోయిందో గ్రాఫ్ వేస్తారు, స్టార్లు ఇచ్చేస్తారు. నాలుగో గంటలో ఏమవుతుందో ఎవరికీ పట్టదు. అసలు తలనొప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. గొంతు కాస్త కాస్తగా వెనకబడుతూ చివరికి అర సెకను తేడా వచ్చేది అక్కడే, డిస్క్ నిండిపోయేది అక్కడే. పాత ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఒక ఫైల్ 4 జీబీ దాటదు, అంటే కొంచెం మంచి క్వాలిటీ పెడితే అర గంటకే అక్కడ గోడ తగులుతుంది. ఈ ఒక్క విషయం ఎవరైనా ముందే చెప్పుంటే నాకు రెండు సాయంత్రాలు మిగిలేవి.

లెక్క పెద్ద కష్టమేం కాదు. సెకనుకి 20 మెగాబిట్ల చొప్పున రికార్డ్ చేస్తే గంటకి 9 జీబీ, ఐదు గంటలకి 45. 50 మెగాబిట్లు పెడితే గంటకి 22 జీబీ పైమాట. కంప్రెషన్ అస్సలు లేకుండా ఫుల్ హెచ్‌డీ 60 ఫ్రేమ్‌లు రాయాలంటే, రంగుల సమాచారం నాలుగో వంతుకి తగ్గించినా సరే, గంటకి 670 జీబీ దాకా పోతుంది. అందుకే అన్నీ వీడియోని కుదించే ఎన్‌కోడర్ మీదే ఆధారపడి ఉన్నాయి. మీ గ్రాఫిక్స్ కార్డులో ఆ పనికోసమే వేరే చిప్ భాగం ఉంటుంది, ఎన్‌విడియాలో అయితే 2012 నుంచే ఉంది, దాన్ని వాడుకునే రికార్డర్ అయితే గేమ్ మీద భారం తక్కువ. ప్రాసెసర్‌తో ఎన్‌కోడ్ చేయిస్తూ "గేమ్ ల్యాగ్ అవుతోంది" అని ఏడ్చేవాళ్లని ఇప్పటికీ చూస్తుంటా.

రికార్డర్ అంటే పాతవాళ్లు ఫ్రాప్స్ పేరు చెప్తారు. నాకూ దాని మీద ప్రేమే, మూలన పసుపు రంగులో ఎఫ్‌పీఎస్ అంకె చూస్తూ పెరిగినవాణ్ణి. కానీ అది 1999 నాటిది, చివరి వెర్షన్ 2013లో వచ్చింది, ఫ్రీగా వాడితే 30 సెకన్లే. దాని ఫైళ్లు ఏనుగులంత ఉండేవి. దండం పెట్టి పక్కన పెట్టేయండి. బాండీక్యామ్ ఫ్రీ వెర్షన్ పది నిమిషాలకి ఆగిపోతుంది, పైగా వీడియో మీద దాని పేరు ముద్ర, అదే వాటర్‌మార్క్. కొనుక్కుంటే సరే, కొనేముందు ఈ పోస్టు చివరిదాకా చదవండి.

విండోస్‌తో వచ్చే ఎక్స్‌బాక్స్ గేమ్ బార్ చాలామందికి సరిపోతుంది, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. కానీ ఒక రికార్డింగ్‌కి గరిష్ఠంగా 4 గంటలే, అది కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీరు పెంచుకుంటేనే. ఎన్‌విడియా కార్డుతో వచ్చే షాడోప్లే తేలిగ్గా నడుస్తుంది, ఒప్పుకోవాల్సిందే. అయితే దాని వీడియోలో ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండదు, గేమ్ తడబడిన చోటల్లా మారుతూ ఉంటుంది, అలాంటి నాలుగు గంటల ఫైల్‌ని కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో వేస్తే ఆడియో జారిపోతుంది. చూసుకుని దాచుకునేవాళ్లకి ఓకే, ఎడిట్ చేసేవాళ్లకి ఒక తలనొప్పి. గేమ్‌లు అమ్మే స్టీమ్ కూడా 2024 నవంబర్‌లో సొంత రికార్డింగ్ తెచ్చింది, నాకు నచ్చింది, ముఖ్యంగా టైమ్‌లైన్ మీద గుర్తులు పెట్టుకునే పద్ధతి. ఆడుతున్నంతసేపూ దానంతట అదే రికార్డ్ చేసే బ్యాక్‌గ్రౌండ్ మోడ్‌లో మాత్రం మొదట్లో ఉండే సెట్టింగ్ ప్రకారం చివరి 120 నిమిషాలే ఉంచుతుంది, అంతకుముందుది చెరిపేసుకుంటూ పోతుంది. తెలియకపోతే మీ మొదటి మూడు గంటలు గోవిందా.

ఇక నేను స్థిరపడింది ఓబీఎస్ స్టూడియో అనే రికార్డర్ దగ్గర. "అది స్ట్రీమింగ్ చేసేవాళ్లది కదా" అంటారు. కాదు. ఫ్రీ, ఓపెన్ సోర్స్, టైమ్ లిమిట్ లేదు, వాటర్‌మార్క్ లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, అది ఎంపీ4 బదులు ఎంకేవీ అనే ఇంకో రకం ఫైల్‌లో రాయగలగడం ఒక ఎత్తు. ఎంకేవీ అయితే మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసినది దాదాపు అంతా తెరుచుకుంటుంది. తర్వాత ఎడిటింగ్‌కి ఎంపీ4 కావాలంటే అందులోనే రీమక్స్ అని ఉంటుంది, మళ్లీ ఎన్‌కోడ్ చేయదు, డబ్బా మార్చి పెడుతుంది అంతే, కాబట్టి క్వాలిటీ పోదు, పెద్ద టైమూ పట్టదు. 28వ వెర్షన్ నుంచి ఫైల్‌ని దానంతట అదే ముక్కలు చేసే సదుపాయం కూడా వచ్చింది. నేను అర గంటకొకటి పెట్టుకున్నా. ఒకటి పాడైనా పోయేది అర గంటే.

ఆడియో సంగతి చెప్పకపోతే పాపం. ఓబీఎస్‌లో ఆరు ట్రాక్‌లు విడివిడిగా రాసుకోవచ్చు. గేమ్ ఒకటి, నా మైక్ ఒకటి, ఫ్రెండ్స్ మాటలు ఒకటి. మాలో ఒకడి మైక్ పక్కనే ఫ్యాన్ ఉంటుంది, నాలుగు గంటలూ హోరు. ఇదివరకు అన్నీ కలిసిపోయిన ఒకే ట్రాక్‌లోంచి ఆ హోరు తీయబోతే బాస్ గర్జన కూడా పోయేది. ఇప్పుడు మాటల ట్రాక్ ఒక్కదాన్నే శుభ్రం చేస్తే చాలు, వాడు ఫ్యాన్ ఆపకపోయినా మాకేం కాదు.

లోపాలు లేవని కాదు. మొదటిసారి సెట్టింగ్స్ తెరిస్తే విమానం కాక్‌పిట్‌లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లో గేమ్ ఒకదాని మీద, ఓబీఎస్ ఇంకోదాని మీద నడిస్తే నల్ల స్క్రీన్ తప్ప ఏమీ రాదు, అది సరిచేసుకునేదాకా బుర్ర తినేస్తుంది. కానీ స్టాట్స్ అని ఒక చిన్న ప్యానెల్ ఉంది, దాన్ని తెరిచి రెండో మానిటర్ మీద పడేయండి. ఎన్ని ఫ్రేమ్‌లు పోయాయో చెప్తుంది, డిస్క్ ఇంకెంతసేపటికి నిండుతుందో కూడా అంచనా కట్టి చూపిస్తుంది. ఐదు గంటలు కూర్చునేవాడికి కావాల్సింది ఇలాంటివి, రంగురంగుల ఎఫెక్టులు కాదు.

సరే, మీకు ఓబీఎస్ నచ్చదు, ఇంకేదో కొనాలనుంది, కొనుక్కోండి. ట్రయల్ ఉన్నప్పుడే ఒక పని చేయండి. రికార్డింగ్ మొదలుపెట్టి ఐదు నిమిషాలు ఏదైనా ఆడండి. తర్వాత స్టాప్ నొక్కకుండా టాస్క్ మేనేజర్ తెరిచి ఆ రికార్డర్‌ని ఎండ్ టాస్క్ కొట్టేయండి. నిర్దాక్షిణ్యంగా. ఇప్పుడు ఆ ఫైల్ తెరుచుకుంటే దాంతో ముందుకెళ్లండి, తెరుచుకోకపోతే ఎన్ని స్టార్లున్నా అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. వందల రివ్యూలు చెప్పని విషయం ఈ ఒక్క క్లిక్ చెప్పేస్తుంది.

మా గ్యాంగ్‌లో ఒకడికి ఇదే చెప్పా. నా ముందే స్క్రీన్ షేర్ చేసి, వాడు డబ్బులు పెట్టి కొన్న రికార్డర్‌ని ఎండ్ టాస్క్ కొట్టాడు. ఫైల్ తెరుచుకోలేదు. "ఎవడైనా కావాలని మూస్తాడా దీన్ని, మా ఇంట్లో కరెంటు పోదులే" అన్నాడు. నిన్న దాంతోనే ఆరు గంటలు రికార్డ్ చేశాడట.