బాయి మూసినంక ఊరెందుకు?

(బెల్లంపల్లిలో ఒక పాత క్వార్టర్ వాకిలి. మామ ముప్పయ్యేండ్లు భూగర్భ గనిలో చేసి రిటైరైన మనిషి. మేనల్లుడు మైనింగ్ చదివి, ఆస్ట్రేలియా ఎడారిలోని బ్రోకెన్ హిల్ అనే గని ఊరిలో రెండేండ్లు పనిచేసి వచ్చాడు. మూతపడ్డ బాయి (అక్కడ బొగ్గు గనిని అలాగే అంటారు) దగ్గర మిగిలిన, కార్మికులకు దీపాలిచ్చే గదిని ఉంచాలా, కూల్చాలా అన్నది వాళ్ల తగాదా.)

అల్లుడు: ఆ గదిని కూలగొట్టనియ్యద్దు మామా. బాయి గుర్తు అదొక్కటే మిగిలింది.

మామ: కూలనీ. బొగ్గున్నన్ని దినాలు ఊరున్నది, బొగ్గు ఒడిసింది. పిలగాండ్లకు పని చూపెట్టు ముందుగాల. గోడల సంగతి తర్వాత.

అల్లుడు: బ్రోకెన్ హిల్ వాళ్లు ఇట్లనే అనుకుంటే ఆ ఊరు ఎప్పుడో ఇసుకల కలిసేది. ఏడాదంత కలిపి 250 మిల్లీమీటర్ల వాన పడుడే గగనం ఆడ. 1883ల చార్లెస్ రాస్ప్ అని, గొర్ల మందల కాడ కంచె చూసుకునే మనిషి, గుట్ట మీది రాయి చూసి తగరమనుకున్నడు. తీరా చూస్తే ఎండి, సీసం, జింకు. ఇయ్యాల పెద్ద పేరున్న బీహెచ్‌పీ గనుల కంపెనీ 1885ల పుట్టింది ఆ గుట్ట కాడనే. 1939ల కంపెనీ ఆడికెళ్లి మూట గట్టుకున్నది, ఊరు మాత్రం నిలబడ్డది. వీధుల పేర్లు ఇప్పటికీ క్లోరైడ్, సల్ఫైడ్, ఆక్సైడ్.

మామ: ఆడ గని ఇంకా నడుస్తున్నదా?

అల్లుడు: కొంత నడుస్తున్నది.

మామ: అగో! అది చెప్పవేంది? మన బాయి నీళ్లు నిండి పండుకున్నది. చరిత్ర నాకు తెల్వక కాదు అల్లుడా. 1871ల నేల పరీక్షలు చేసే కింగ్ దొర ఇల్లందు దిక్కు బొగ్గు చూసిండు, 1889ల తవ్వుడు షురువైంది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కంపెనీ అయింది. ఆ తారీఖున ఏటా పండుగ చేస్తనే ఉన్నరు. కని తొంబైలల్ల లక్షకు పైనున్న కార్మికులు నలబై వేల కాడికి వచ్చిండ్రు. తట్టా, చెమ్మస్ (బొగ్గెత్తే పార) పట్టినోళ్ల పని షవల్, డంపర్ మిషన్లు గుంజుకున్నయి.

అల్లుడు: నేననేది గదే. నా బిడ్డకు గనంటే పైకెళ్లి తవ్వే ఓపెన్‌కాస్టు గుంత ఒక్కటే తెలుసు. లోపలికి దిగుడంటే ఏందో ఎవరు చెప్పాలె?

మామ: నువ్వెట్ల చెప్తవ్? పొద్దుగాల సైరన్ కూస్తే వాడ వాడంత లేసేది. మీ అత్త సిగిడి, అదే బొగ్గుల పొయ్యి, అంటువెట్టి బయటికి తెచ్చేది, గల్లీ అంత పొగ. బాయి మీదికి పోయి బిళ్ల ఇస్తే దీపం ఇచ్చెటోళ్లు. దీపం కొండికి ఆ బిళ్ల తగిలించెటోళ్లు. షిఫ్టు దిగినంక కూడ కొండికి బిళ్ల ఉన్నదంటే మనిషి ఇంక లోపలనే ఉన్నట్టు. లోపల కప్పును కర్రతోని కొట్టి ఇనాలె. కంగుమంటే గట్టిగున్నట్టు, డొల్లగ మోగిందంటే ఎనకకు జరగాలె. ఆ చప్పుడును ఏ గోడల పెడ్తవ్ చెప్పు?

అల్లుడు: ఆ కొండ్లు ఇంకా ఉన్నయి మామా. నిన్న పోయి చూసిన. నంబర్లు కూడ చెరగలే.

(మామ కాసేపు మాట్లాడలేదు. బీడీ ముట్టించబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.)

మామ: గోడ కన్న ముందు ఆ మట్టి కుప్పల దుమ్ము ఆపుమను. ఎండకాలం అన్నంల పడుతున్నది.

అల్లుడు: బ్రోకెన్ హిల్ వాళ్లు అదీ చేసిండ్రు. 1936ల ఆల్బర్ట్ మోరిస్ అనే ఆయన చెప్తే ఊరి అంచున కంచె కట్టి పసులు, కుందేళ్లు రాకుంట ఆపిండ్రు. ఆ నేల మొక్కలు వాటంతట అవే లేసినయి, ఇసుక తుపాన్లు తగ్గినయి.

మామ: ఇగో, గిది పని అంటే!

అల్లుడు: ఆ ఊరి గుట్ట మీద, గనుల్ల పోయిన ఎనిమిది వందల మందికి పైగ పేర్లు కూడ రాసిండ్రు. ఎట్ల పోయిండో కూడ రాసిండ్రు. 1919ల మొదలువెట్టి 18 నెలలు సమ్మె చేసి, వారానికి 35 గంటల పని తెచ్చుకున్నోళ్లు వాళ్లు. మనం 2011ల సకల జనుల సమ్మెల నెలకు పైన బాయిలు బంద్ పెట్టినం. ఏడ రాసుకున్నం?

మామ: పద్దెనిమిది నెలలు ఏం తిన్నరు?

అల్లుడు: యూనియన్లు ఇచ్చిన సాయంతోని ఎల్లదీసిండ్రు.

మామ: ...వాళ్లు గట్టోళ్లే. కని ఇను. 2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ బాయిల నీళ్లు ముంచుకొచ్చి పదిహేడు మంది పోయిండ్రు. వాళ్ల పేర్లు ఎవరన్న రాస్తరు. ఒక్కొక్కడుగ పోయినోడో? ఊపిరితిత్తులల్ల దుమ్ము నిండి ఇంట్ల మంచంల సచ్చినోడో? కాంట్రాక్టు కింద వచ్చి, మస్టర్ల, అదే హాజరు బుక్కుల, పేరే ఎక్కనోడో? రాస్తే అందర్ని రాయాలె. లేకుంటే కూలగొట్టుడే నయం.

అల్లుడు: మస్టర్ల లేనోళ్ల పేర్లు నాకేడ దొరుకుతయి మామా?

మామ: దీపాలిచ్చిన మనిషి మందమర్రిల ఇంక బతికే ఉన్నడు. కండ్లు మసకబారినయి గని, ఏ బిళ్ల ఎవనిదో అడుగు, చెప్తడు. పొద్దుగాల బస్సుకు పోదాం. నేను నీ మాటకు ఒప్పుకున్ననని మాత్రం అనుకోకు.