పసుపు మాత్ర పరీక్షలో ఫెయిలవకుండా ఉండాలంటే

వేళ్ల కణుపుల నొప్పికని మూలికా మాత్రల సీసా కొన్నాక దాన్ని పరీక్షించడం మన బాధ్యత. అది ఫెయిలవకుండా చూసుకోవడం ఇంకా పెద్ద బాధ్యత. డబ్బులు పెట్టాం కదా.

ముందు ముహూర్తం. ఆవకాయ జాడీ మూత తిప్పితే బొటనవేలి మొదట్లో ప్రాణం పోయే రోజే మొదలుపెట్టండి. కీళ్ల అరుగుదల నొప్పికి ఎగుడుదిగుళ్లు మామూలే. అంత ఎక్కినది ఏ మాత్రా లేకపోయినా కొంత దిగుతుంది. దిగేది నొప్పి, పేరు సీసాది.

రోజూ పొద్దున నొప్పికి పదికి ఎన్నో మార్కులేసి రాసే దురలవాటు వద్దు. బిగుసుకున్న వేళ్లు వదలడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అసలే రాయొద్దు. మూడు నెలలయ్యాక "మునుపెలా ఉండేది?" అని మనసునడగండి. అది ఎప్పుడూ డబ్బు పెట్టినవాళ్ల పక్షమే. పాత నొప్పి మాత్ర, వేడినీళ్ల కాపడం, బొటనవేలి పట్టీ ఏవీ ఆపొద్దు. ఈమధ్యే పనమ్మాయి కుదిరి బట్టలు పిండటం తప్పిందా? ఆ ఊసే ఎత్తకండి.

ఉత్తుత్తి మాత్రతో పోల్చాలనే ఛాదస్తులుంటారు. ఒకే రకం క్యాప్సూళ్లలో ఒక సీసాకి పసుపు, ఇంకోదానికి బియ్యప్పిండి నింపి, ఏది ఏదో మూడో మనిషి దగ్గరే గుట్టుగా ఉంచాలట. పసుపు ఊరుకుంటుందా? వేలికంటుతుంది, తేన్పులో పలుకుతుంది. 2000లో అచ్చయిన ఒక పరీక్షలో, ఇంగ్లండులోని ప్లిమత్‌లో బొటనవేలి నొప్పికి నెటిల్ అనే, ఒంటికి తగిలితే దురద పుట్టించే ఆకును 27 మంది మీద పెట్టి చూశారు. పోలికకి అదే మనుషులకి దురద పుట్టించని ఆకూ పెట్టారు, రెండింటి మధ్యలో 5 వారాలు విరామమిచ్చారు. దురద పుట్టిందో లేదో మాత్రం ఎవరి దగ్గర దాస్తారు?

సీసా మీది లెక్క కూడా చదవొద్దు. 500 మిల్లీగ్రాముల ఉత్త పసుపుపొడిలో కర్క్యుమిన్ (పసుపులోని అసలు సరుకు) నూటికి మూడు వంతులనుకున్నా 15 మిల్లీగ్రాములే. పప్పులో వేసే పావు చెంచా పసుపు అంతకన్నా ఎక్కువ తూగుతుంది. సారం తీసిన మాత్రలైతే బలమే. అందులో మిరియాల సారమూ కలుపుతారు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పి మింగాలి. (ఈ ఒక్క మాట వ్యంగ్యం కాదు.)

ఇక పేరులేని పొట్లం పొడి రెండో రోజుకే వేళ్లను వీణ మీద ఆడిస్తే, అందులో స్టెరాయిడ్ కలిపారేమో ల్యాబ్‌లో చూపిద్దామనే పాడు ఆలోచన రానీయకండి. నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ ఎక్కుతుంది. చుట్టాలేమో "ఒళ్లు చేశావొదినా, మందు బాగా పట్టింది" అంటారు.