మెక్‌క్లింటాక్‌ని చూసి ప్రపంచం నిజంగా నవ్విందా?

మొక్కజొన్న కంకి పట్టుకున్న ఒక బక్కపలచని పెద్దావిడ ఫొటో, దాని కింద గుండె కరిగించే నాలుగు పేరాలు. ఈ పోస్టు మీకూ ఏదో ఒక గ్రూపులో వచ్చే ఉంటుంది. రానివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను: "1951లో బార్బరా మెక్‌క్లింటాక్ అనే ఊరూపేరూ లేని ఒక మహిళ, జన్యువులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతుతాయని చెబితే శాస్త్రవేత్తలంతా పగలబడి నవ్వారు. పిచ్చిదన్నారు. ఉద్యోగం పీకేశారు. ఆమె 30 ఏళ్లు ఒక్క ముక్క కూడా ప్రచురించకుండా ఒంటరిగా చేలో పని చేసుకుంది. చివరికి 1983లో నోబెల్ ఇచ్చి ప్రపంచం ఆమెకు క్షమాపణ చెప్పింది. నిజం ఎప్పుడూ ఒంటరిదే." ఇంక కింద చూడాలి, దండాలూ చప్పట్లూ.

ఇందులో నిజం లేకపోలేదు. గెంతే జన్యువుల్ని ఆమె కనిపెట్టిన మాట నిజం, అదీ డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి ముందే, వట్టి మైక్రోస్కోపుతో, చేతులతో చేసిన సంకరణాలతో. 1983లో వైద్యశాస్త్ర నోబెల్ ఎవరితోనూ పంచుకోకుండా ఒక్కరే తీసుకున్న మాట కూడా నిజం. ఆ విభాగంలో అలా ఒంటరిగా అందుకున్న మహిళ ఇప్పటికీ ఆమె ఒక్కరే. కానీ ఈ రెండింటి చుట్టూ అల్లిన మిగతాదంతా, మర్యాదగా చెప్పాలంటే, సినిమా కథ. ఒక్కొక్కటే చూద్దాం.

"ఊరూపేరూ లేని మహిళ" అన్నారు. ఆమె కార్నెల్ యూనివర్సిటీలో 1927లో డాక్టరేట్ తీసుకున్నారు, అప్పటికి వయసు 25. ఆ తర్వాత రెండేళ్లలోనే మొక్కజొన్నలోని 10 క్రోమోజోమ్‌లనూ ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టే పద్ధతి తయారుచేసి ఇచ్చారు. అప్పటిదాకా మొక్కజొన్న మీద పనిచేసేవాళ్లకి ఏ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందో కంటితో చూసి చెప్పే దారి లేదు. 1931లో హారియెట్ క్రైటన్ అనే విద్యార్థినితో కలిసి చేసిన పని ఇంకా పెద్దది. 9వ క్రోమోజోమ్‌కి ఒక కొసన ముదురు బుడిపె, రెండో వైపు 8వ క్రోమోజోమ్ నుంచి వచ్చి అతుక్కున్న ముక్క ఉన్న ఒక వింత మొక్కని పట్టుకున్నారు. అంటే కంటికి కనిపించే గుర్తులు రెండు, ఆ మధ్యలో గింజ రంగుకీ పిండి తీరుకీ సంబంధించిన జన్యువులు రెండు. సంతానంలో జన్యువులు అటూ ఇటూ మారినప్పుడల్లా ఆ గుర్తులు కూడా విడిపోయి అటూ ఇటూ మారాయి. క్రోమోజోమ్‌లు నిజంగానే ముక్కలు మార్చుకుంటాయని దీంతో తేలింది. మోర్గాన్ అంతటివాడు, తర్వాత నోబెల్ తీసుకున్న ఆ థామస్ హంట్ మోర్గానే, త్వరగా ప్రచురించండి అని తొందరపెట్టాడు. అదే ఏడాది జర్మనీలో కర్ట్ స్టెర్న్ పండ్ల ఈగల్లో అదే విషయం నిరూపించాడు కాబట్టి ఆ తొందర మంచిదే అయింది.

ఆపైన 1944లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి ఎన్నికయ్యారు, ఆ అకాడమీ చరిత్రలో మూడో మహిళ. మరుసటి ఏడాది జెనెటిక్స్ సొసైటీ ఆఫ్ అమెరికాకి అధ్యక్షురాలు, ఆ పదవిలో తొలి మహిళ. ఇదంతా 1951కి ముందు. ఆ ఏడాది ఆమె వేదిక ఎక్కినప్పుడు కింద కూర్చున్నవాళ్లకి ఎవరీవిడ అన్న అనుమానమే లేదు. తమ సొసైటీకి మాజీ అధ్యక్షురాలు మరి!

"ఉద్యోగం పీకేశారు" అన్నది పచ్చి అబద్ధం, కానీ దీని పక్కనే ఒక నిజం ఉంది, దాన్ని తొక్కేయకూడదు. 1930ల్లో ఆడవాళ్లకి పెద్ద యూనివర్సిటీల్లో ప్రొఫెసర్ ఉద్యోగాలు దాదాపు లేవు. అంత పని చేసినా మెక్‌క్లింటాక్ కొన్నేళ్లపాటు ఫెలోషిప్పుల మీదే బతకాల్సొచ్చింది. 1933లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ మీద జర్మనీ వెళ్లి, హిట్లర్ వచ్చాక అక్కడి పరిస్థితి చూడలేక తొందరగానే తిరిగొచ్చేశారు. ఆమె గురువు ఎమర్సన్ రాక్‌ఫెలర్ ఫౌండేషన్‌ని అడిగి డబ్బు ఇప్పించారు. 1936లో మిస్సోరీ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వచ్చింది, కానీ అక్కడ తనకి భవిష్యత్తు లేదని నమ్మి 1941లో తానే వదిలేసి వచ్చారు. అన్యాయం ఏదైనా జరిగితే అది ఇక్కడ, గెంతే జన్యువుల మాట పుట్టకముందు, వట్టి ఆడమనిషి కావడం వల్ల జరిగింది. పోస్టు రాసినాయన దాన్ని ఎత్తుకెళ్లి 1951 తర్వాత పెట్టాడు, అసలు వివక్షని వదిలేసి లేని వివక్షని పట్టుకున్నాడు.

1951 తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. అప్పటికే దాదాపు పదేళ్లుగా ఆమె న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో కార్నెగీ సంస్థ ఉద్యోగి. పాఠాలు చెప్పే పని లేదు, కమిటీల గోల లేదు, జీతం వస్తుంది, పక్కనే చేను. 1967లో రిటైరయ్యేదాకా అక్కడే, రిటైరయ్యాక కూడా గౌరవ హోదాలో 1992లో పోయేదాకా అక్కడే. పరిశోధన చేసుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఏముంటుందో నాకైతే తెలియదు.

ఇక అసలు సంగతి, ఆ "పగలబడి నవ్వడం". దీనికి ముందు ఆమె ఏం చూశారో తెలియాలి.

మొక్కజొన్న గింజ ఒకటి ఊహించుకోండి, లేత పసుపు రంగుది, దాని మీద అక్కడక్కడ ఊదారంగు మచ్చలు. గింజకి రంగునిచ్చే జన్యువు మధ్యలో ఒక ముక్క వచ్చి దూరితే ఆ జన్యువు పనిచేయదు, గింజ పాలిపోతుంది. గింజ పెరుగుతున్నప్పుడు ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచి వెళ్లిపోయిందనుకోండి, జన్యువు మళ్లీ పనిచేస్తుంది, ఆ కణానికి పుట్టిన కణాలన్నీ ఊదారంగులోకి మారతాయి. ముందుగా లేచి వెళితే పెద్ద మచ్చ, ఆలస్యంగా వెళితే చిన్న చుక్క. ఇలా దూరే ముక్కకి ఆమె డిసోసియేషన్ అని పేరు పెట్టారు, ఎందుకంటే మొదట ఆమె దాన్ని గమనించింది 9వ క్రోమోజోమ్ ఎప్పుడూ ఒకేచోట తెగిపోతుంటే. అది తనంతట తాను కదల్లేదు, యాక్టివేటర్ అనే రెండో ముక్క ఉంటేనే కదులుతుంది. ఇంకో వింత ఉంది. గింజలో రంగుండే ఆ పొరలో ప్రతి క్రోమోజోమ్‌కీ మూడు ప్రతులుంటాయి, తల్లి నుంచి రెండు, తండ్రి నుంచి ఒకటి. కాబట్టి యాక్టివేటర్ ఒకటి ఉండొచ్చు, రెండుండొచ్చు, మూడుండొచ్చు. ఎక్కువుంటే మచ్చలు ఎక్కువ రావాలి కదా అనుకుంటాం. కాదు, యాక్టివేటర్లు పెరిగేకొద్దీ కదలిక ఆలస్యమవుతుంది, మచ్చలు చిన్నవైపోతాయి. మచ్చల సైజు చూసి లోపల ఎన్ని యాక్టివేటర్లున్నాయో ఆవిడ చెప్పేసేవారు! 1948లో ఆ తెగే చోటే మారిపోయిన మొక్క దొరికింది, అంటే ముక్క ఒకచోటు వదిలి ఇంకోచోటికి వెళ్లింది.

1950లో దీన్ని క్లుప్తంగా ప్రచురించి, 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో వివరంగా చెప్పారు. అక్కడ చాలామందికి అర్థం కాలేదన్నది నిజం. మొక్కజొన్న జన్యుశాస్త్రంలో మునిగినవాళ్లకే కష్టమైన డేటాని ఆమె ఒక్క ఉపన్యాసంలో కుమ్మరించారు, బ్యాక్టీరియా వాళ్లకీ వైరస్‌ల వాళ్లకీ తల తిరిగింది. ఆమెకి అక్కడ ఎదురైంది ఎక్కువగా అయోమయం, కొంత విముఖత. ఆ స్పందన ఆమెని నొప్పించింది, ఆ మాట తర్వాత ఆమే చెప్పారు. కానీ జన్యువులు కదలవు పొమ్మని జెనెటిక్స్ లోకం తలుపులేసుకుందనడం తప్పు. ఆ మరుసటి ఏడాదే, 1952లో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో బ్రింక్, నిలన్ అనే ఇద్దరు మొక్కజొన్నలోనే ఇంకో జన్యువు దగ్గర అలాంటి కదిలే ముక్కనే చూపించారు. పీటర్ పీటర్సన్ విడిగా తన మొక్కల్లో ఇంకో జాతి కదిలే ముక్కని పట్టుకున్నాడు. మొక్కజొన్న వాళ్లలో ఆ దశాబ్దం సగానికొచ్చేసరికి ఇది గొడవ పడే విషయమే కాదు.

మరి ఒప్పుకోనిది ఏది? పోస్టులు రాసేవాళ్లు ఎప్పుడూ చెప్పని ముక్క ఇదే. మెక్‌క్లింటాక్‌కి గెంతడం ముఖ్యం కాదు. ఆ ముక్కలే జన్యువుల్ని అదుపు చేస్తాయని, ఒక కణం ఆకు కావాలో వేరు కావాలో అవే ఒక క్రమంలో కదిలి నిర్ణయిస్తాయని ఆమె సిద్ధాంతం. అందుకే వాటిని అదుపు చేసే అంశాలు అని పిలిచారు. ఈ సిద్ధాంతానికి మద్దతు దొరకలేదు, ఆమె బాధంతా దాని గురించే. పైగా ఇది ఇప్పటికీ నిలబడలేదు. జన్యువుల్ని అదుపు చేసే ఏర్పాట్లు ఉన్నాయి, అందులో ఆమె ముందుచూపు గొప్పది, కానీ అదుపు చేయడానికి అవి గెంతాల్సిన పని లేదని 1961లో జాకబ్, మోనో అనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాలో చూపించిన దారి చెప్పింది. మామూలు మొక్క పెరుగుదలని గెంతే ముక్కలు ఒక పద్ధతి ప్రకారం నడిపిస్తాయని ఇవాళ ఎవరూ అనరు. నోబెల్ కమిటీ కూడా జాగ్రత్తగా కదిలే జన్యు అంశాల్ని కనిపెట్టినందుకు అనే రాసింది. అంటే తోటివాళ్లు ఒప్పుకున్నదానికే నోబెల్ వచ్చింది, వాళ్లు సందేహించిన సిద్ధాంతానికి కాదు. కథ మొత్తం తిరగబడిపోయింది కదూ?

"30 ఏళ్లు ఒక్క ముక్క ప్రచురించలేదు." 1953 తర్వాత పెద్ద జర్నల్స్‌కి వివరమైన వ్యాసాలు పంపడం బాగా తగ్గించేశారు, అంతవరకే నిజం. కార్నెగీ సంస్థ వార్షిక సంచికలో ఏటా రిపోర్టులు రాస్తూనే ఉన్నారు. 1956లో అదే కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో మళ్లీ మాట్లాడారు. 1961లో మొక్కజొన్ననీ బ్యాక్టీరియానీ పోలుస్తూ వ్యాసం రాశారు. 1950ల చివరి నుంచి మెక్సికో, దక్షిణ అమెరికా దేశాల్లో మొక్కజొన్న రకాల క్రోమోజోమ్‌ల మీద పెద్ద పని పెట్టుకుని, అక్కడి యువకులకి శిక్షణ ఇచ్చి, ఇద్దరు సహరచయితలతో కలిసి 1981లో దాన్నంతా ఒక పెద్ద గ్రంథంగా తెచ్చారు. మౌనమంటే ఇదా?

"నోబెల్ ఇచ్చి క్షమాపణ." క్షమాపణ చెప్పాల్సినంత ఏం మిగిలింది? 1967లో నేషనల్ అకాడమీ వాళ్ల కింబర్ జెనెటిక్స్ అవార్డు, 1970 సంవత్సరానికి అమెరికా ప్రభుత్వ నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమే. 1981 ఒక్క ఏడాదిలోనే లాస్కర్, వుల్ఫ్, మోర్గాన్ మెడల్, వాటితోపాటు మెకార్థర్ ఫౌండేషన్ వాళ్లు జీవితాంతం ఏటా 60,000 డాలర్లు.

మరి నోబెల్ ఎందుకు ఆలస్యమైంది అంటారా? చాలాకాలం అది మొక్కజొన్న వింతగానే కనిపించింది, మనుషుల జబ్బులకీ వైద్యానికీ దాంతో సంబంధం ఏంటో ఎవరికీ తెలియదు. 1960ల చివర్లో బ్యాక్టీరియాలో, ఆ తర్వాత ఈగల్లో కదిలే ముక్కలు దొరికాయి. యాంటీబయాటిక్‌లని తట్టుకునే శక్తి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకడంలో వాటి పాత్ర బయటపడింది. అప్పుడు అందరూ వెనక్కి తిరిగి మొక్కజొన్న వైపు చూశారు. ఇవాళ మనకి తెలిసినంతలో మనిషి జన్యుపదార్థంలో దాదాపు సగం ఇలాంటి ముక్కల నుంచి వచ్చిందే, 2009లో చదివిన మొక్కజొన్న జీనోమ్‌లోనైతే 85 శాతం దాకా. ఆలస్యం ఆడవాళ్లకే జరుగుతుందనుకుంటే పేటన్ రౌస్‌ని చూడండి, కోళ్లలో క్యాన్సర్ తెచ్చే వైరస్‌ని 1911లో చూపిస్తే ఆయనకి నోబెల్ 1966లో వచ్చింది.

చివరగా ఆ "నిజం ఎప్పుడూ ఒంటరిదే". ఇంత గింజుకుని రాయడానికి కారణం ఈ వాక్యమే. షుగర్ తగ్గించే పొడులు, క్యాన్సర్ మాయం చేసే కషాయాలు అమ్మేవాళ్లు ఇప్పుడు ఈ కథని పట్టుకున్నారు. "మెక్‌క్లింటాక్‌ని చూసి కూడా నవ్వారు, ఇవాళ నన్ను చూసి నవ్వుతున్నారు" అని. నవ్వించుకోవడమే అర్హత అయిపోయింది వీళ్లకి.

మొక్కజొన్న వాళ్లలో మొదట్నుంచీ ఒక అలవాటుంది, ఎమర్సన్ కాలం నుంచీ. విత్తనాలు, ఇంకా అచ్చుకాని ఫలితాలు ఒకరికొకరు పంపుకునేవారు. మెక్‌క్లింటాక్ కనిపెట్టిన యాక్టివేటర్, విస్కాన్సిన్‌లో బ్రింక్ కనిపెట్టిన ముక్క ఒకటేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, బ్రింక్ బృందం తమ మొక్కల్ని డిసోసియేషన్ ఉన్న మొక్కలతో సంకరం చేసి చూసింది. తమ ముక్క దాన్ని కదిలిస్తే రెండూ ఒకటే, కదిలించకపోతే వేరు. కదిలించింది, రెండూ ఒకటేనని 1954లో అచ్చేశారు. పొడి అమ్మే ఆయన్ని కూడా అంతే అడగాలి: నీ పొడిని నీతో సంబంధం లేని ఎవరు, ఎక్కడ, ఏ రోగుల మీద పరీక్షించారు, ఫలితం ఎక్కడ అచ్చయింది?